పడవ దిక్కు చూడొద్దన్నడు మా బాపు

నవ్వకుండ వింటరంటెనే చెప్త. మా ఇంట్లకు ఒక్కసారే తొమ్మిది వీడియో గేములొచ్చినయి. ఆ తొమ్మిదిట్ల ఒక్కటి గూడ మాకు కావాల్సింది గాదు. కావాల్సింది పదోది. దాని కోసం వారం దినాలు నేను, మా బాపు కలిసి ఎంత తెలివి ఖర్చు పెట్టినమో, ఆ తెలివంత మొన్న బుధవారం మాపటీలి ఎట్ల మా నెత్తి మీదికే వచ్చిందో చెప్తే రేపటి సంది ఈ హోటల్ల నాకు చాయ్ గూడ పొయ్యరు. అయినా చెప్త. కడుపుల ఆగుతలేదు.

ముందుగాల మా బాపు గురించి చెప్పాలె. మల్లయ్య అంటె మా దిక్కు అందరికి ఎర్కనే. మాది ముడిమ్యాల. ఇప్పుడు చేవెళ్లల ఉంటున్నం గని, బాపు రోజు పొద్దుగాల బండేసుకుని పొలంకాడికి పోయొస్తడు. అయితే ఆయనకు పేరొచ్చింది పొలంతోని గాదు, బేరంతోని. చుట్టుపక్కల ఎవరు ఎద్దును కొనాలన్నా, బర్రెను కొనాలన్నా పశువుల అంగడికి మా బాపును తోల్కపోతరు. ఆయన ఎన్క నడుచుడే ఒక భరోసా వాళ్లకు. నేను చిన్నగున్నప్పుడు నన్ను గూడ తీస్కపోయేటోడు. అక్కడ నాకు నేర్పిన మొదటి పాఠం ఏందంటె, నచ్చినదాని దిక్కు చూడొద్దు. పక్కదాన్ని చూడాలె. దాని పండ్లు లెక్కవెట్టాలె, వీపు చరచాలె, వంక పెట్టాలె. కొంత దూరం నడిచి పోవాలె. అమ్మేటోడు ఎన్కకెల్లి పిలుస్తడు, తిరిగి చూడొద్దు. అంగడి లేచే టైముకు ఊకనే ఇట్ల వచ్చినట్టు వచ్చి, "ఇది గూడ అమ్ముతున్నవా ఏంది?" అనాలె. అప్పుడు తువ్వాల కింద చేతులు కలుపుతరు. వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటరు. పక్కన నిలబడ్డోనికి గూడ తెల్వదు ఎంతకు తెగిందో.

ఇగ నా సంగతి. నేను ఐటీల టెస్టర్‌ను. వేరేటోళ్లు చేసిన సాఫ్ట్‌వేర్ల తప్పులు పట్టుడు నా నౌకరి. ఈ మాట జర యాదుంచుకోండ్రి.

మంజులతోని నా పెళ్లయి ఏడాదాయె. ఆమె దొంతన్‌పల్లి కాలేజీ క్యాంపస్ల లైబ్రరీల పనిచేస్తది. పొద్దుగాల క్యాంపస్ బస్సుల పోయి మాపటీలి వస్తది. మంచి మనిషి, కాకపోతే మాట తక్కువ. నన్ను ఇప్పటికి "మీరు" అనే అంటది. ఏమన్న కావాల్నా అంటె వద్దంటది. చీర తెద్దామా అంటె ఉన్నయంటది. సినిమాకు పోదామా అంటె మీ ఇష్టమంటది. నాకు లోపల ఎప్పుడు ఒక ఫికరుండె, ఈమె నాతోని సంతోషంగ ఉన్నదా, సర్దుకుపోతున్నదా అని. అడగనీకె నాకు నోరు రాదు.

మూడు నెలల కింద మా ఆఫీసుల నా పక్క సీటోడు ఇమ్రాన్, వాళ్ల బిడ్డ పుట్టినరోజుకు మొయినాబాద్‌కు పిలిచిండు. ఇమ్రాన్‌కు గేములంటె పాణం. టీవీకి తగిలించి ఒక పడవ గేమ్ పెట్టిండు. ఒక పడవ, ఇద్దరు మనుషులు. ఒకరి చేతిల కుడి తెడ్డు, ఇంకొకరి చేతిల ఎడమ తెడ్డు. ఇద్దరు ఒక్క తీరుగ వేస్తే పడవ సక్కగ పోతది. లేకుంటె గిర్రున తిరిగి రాయికి గుద్దుకుని మునుగుతది. నేను, మంజుల ఆడినం. మొదటిసారి మునిగినం. రెండోసారి మునిగినం. మూడోసారి ఎన్కకు పోయి మునిగినం. మంజుల నవ్వుడు మొదలువెట్టింది సూడుండ్రి, పొట్ట పట్టుకుని నవ్వింది, కండ్లల్ల నీళ్లొచ్చినయి, చున్నీతోని తుడుసుకుంట మళ్ల నవ్వింది. పెళ్లయినప్పటి సంది ఆమె గట్ల నవ్వంగ నేను చూడనే లేదు. వచ్చేటప్పుడు బండి మీద ఎన్కకెల్లి మెల్లగ అన్నది, "ఆ గేమ్ మన ఇంట్ల గూడ ఉంటె మంచిగుండు."

ఆమె నోరు తెరిచి అడిగింది గదొక్కటే. అప్పుడే అనుకున్న, మా పెళ్లిరోజుకు ఈ గేమ్ కొని ఆమె ముందల పెట్టాలె అని. ఆడనీకె ఒక రిమోట్ నా తాననే ఉన్నది, రెండోది ఇమ్రాన్ ఇచ్చిండు. హెల్మెట్ సంచిల పెట్టి బీరువ మీద దాచిపెట్టిన.

పెళ్లిరోజు గురువారం. దానికి వారం ముందుగాల ఇమ్రాన్ ఉరికొచ్చిండు. "యాదగిరి భాయ్, సేల్ పడ్డది. పడవ గేమ్ నలభై శాతం తక్కువ. బుధవారం మాపటీలి ఆరింటి దాక. పోంగనే కొనుక్కో." ఇంటికి పోయిన, బయట కుర్చీల కూసుండి లాప్‌టాప్ తెరిచిన. పడవ బొమ్మ కనపడ్డది. కొను అని రాసి ఉన్న బటన్ కనపడ్డది. వేలు దాని మీదనే ఉన్నది. గప్పుడొచ్చిండు మా బాపు.

"ఏందిరా యాదిగా, గా ఒక్క బొమ్మనే గంత సేపు చూస్తున్నవ్?"

"గేమ్ బాపు. మంజులకు. సేల్ నడుస్తున్నది, నలభై శాతం తగ్గించిండు."

బాపు కుర్చీ గుంజుకుని కూసున్నడు. "నువ్వు తగ్గించుమని అడిగినవా?"

"లే."

"నువ్వు అడగకముందుకే గింత తగ్గించిండంటె, అడిగితే ఎంత తగ్గిస్తడో ఆలోచన చేసినవా?"

"అడగనీకె అండ్ల మనిషుండడు బాపు. ధర గిదే, అందరికి కనపడేటట్టు రాసిపెట్టిండు."

బాపు నా దిక్కు జాలిగ చూసిండు. "అందరికి కనపడేది అసలు ధర ఎట్లయితదిరా? అసలు ధర తువ్వాల కింద ఉంటది."

ఇక్కడ నేను నవ్వి బటన్ నొక్కితే ఈ ముచ్చటే లేకపోవు. కని నా సాఫ్ట్‌వేర్ బుర్ర ఊకుంటదా? నాకేం గుర్తొచ్చిందంటె, ఒకసారి ఫోన్ల చెప్పుల జత చూసిన. నెల దినాలు ఏం తెరిచినా ఆ చెప్పులే ఎంటబడ్డయి. బస్ టికెట్ మూడు సార్లు చూస్తే నాలుగోసారికి పిరమయ్యింది. అంటె మనం యాడ చూస్తున్నమో వానికి తెలుస్తది. అదే మాట బాపుకు చెప్పిన.

"వానికి తెలుస్తదా?" బాపు లేచి నిలబడ్డడు. "మరి గింత సేపు దాని మొఖంల మొఖం పెట్టి కూసున్నవేందిరా? గిదేనా నేను నేర్పింది? మూయ్, ముందుగాల మూయ్."

మూసిన. చదువుకున్నోన్ని, బాపు మాట విని లాప్‌టాప్ మూసిన.

మర్నాడు మాపటీలి ఇద్దరం కలిసి అంగడికి పోయినట్టే కూసున్నం. ముందుగాల, నచ్చినయి అని గుండె గుర్తు పెట్టుకునే లిస్టుల నుంచి పడవను తీసేసిన. బాపు మెచ్చుకున్నడు. తర్వాత వేరే గేములు ఏరుడు మొదలైంది. మనకు అక్కరలేనివే ఏరాలె, కని వానికి అనుమానం రావొద్దు. నేను బొమ్మలు చూపిస్తుంటె బాపు ఒక్కొక్కదాన్ని ఎద్దును చూసినట్టే చూస్తున్నడు.

ట్రాక్టర్ గేమ్ చూపెట్టిన. "టైర్లు అరిగినయి. అయినా పెట్టు." బస్సు నడిపే గేమ్. "పెట్టు." దయ్యాల గేమ్ చూపిస్తే, కొమ్ములున్న దయ్యం ఉన్నది దాని మీద. బాపు దగ్గరికి వంగి చూసిండు. "కండ్లు మంచిగ లేవు. పొడుస్తది. పెట్టు, మనం ఇంటికి తెస్తమా ఏంది." పైపుతోని నీళ్లు కొట్టి మురికిగున్న ఇండ్లు కడిగే గేమొకటి ఉన్నది. లోపలికెల్లి మా అవ్వ చూసి, "ఇంట్ల చెంబు లేపడు గని, గిది కొంటడట," అని పోయింది. దాన్ని గూడ పెట్టినం. గూడ్సు బండి గేమ్, పుట్టగొడుగులు ఏరే గేమ్, చంద్రుని మీద ఇల్లు కట్టే గేమ్, పిల్లి దొంగతనం చేసే గేమ్, చేప దుకాణం పెట్టే గేమ్, అయి గూడ. మొత్తం తొమ్మిది. ఎవ్వరు కొనక మూలకు పడ్డయి గావొచ్చు, మస్తు అగ్గువకు ఇస్తున్నరు. అన్ని తీసి కార్ట్‌ల ఏసి, పైసలు కట్టకుండనే లాప్‌టాప్ టక్కున మూసిన. అంగడిలకెల్లి నడిచి బయటికొచ్చినట్టన్నమాట.

తెల్లారి పొద్దుగాల మెయిల్ వచ్చింది. "యాదగిరి గారు, మీ కార్ట్‌ల కొన్ని మరిచిపోయిన్రు" అని.

నాకు కాళ్లు నేల మీద ఆనలే. ఉరుక్కుంట పోయి బాపుకు చూపించిన. "బాపు, పిలుస్తున్నడు. ఎన్కకెల్లి పిలుస్తున్నడు."

బాపు పండ్లపుల్ల నోట్ల నుంచి తీసి మెల్లగ నవ్విండు. "పిలిచిండంటె పడ్డట్టే. తిరిగి చూడకు."

ఆ మాపటీలి ఇంకో మెయిల్ వచ్చింది. ఆదివారం ఇంకోటి. "మీకు నచ్చినయి మీకోసమే ఎదురుచూస్తున్నయి" అని. బాపు మూడో మెయిల్‌కు తొడ చరిచిండు. "మస్తు అక్కరల ఉన్నడురా. బుధవారం దాక సతాయించు, సగానికి సగం దింపుతడు."

ఆదివారం మధ్యాహ్నమే అసలు తప్పు జరిగింది. అప్పుడు నాకు తప్పు చేస్తున్నట్టే తెల్వలే. మంజుల ఏదో ఫారం నింపనీకె నా లాప్‌టాప్ తీసింది, అండ్ల ఆ కార్ట్ అట్లనే ఉన్నది. కొంచెం సేపటికి బయటికొచ్చి నా పక్కన నిలబడ్డది.

"ఆ ఇమ్రాన్ వాళ్ల ఇంట్ల ఆడిన పడవ గేమ్... దాని మీద గూడ సేల్ ఉన్నదా?"

నేను రెండు తీర్ల ఇరుక్కున్న. ఒకటి, పెళ్లిరోజుకు చెప్పకుండ ఇయ్యాలె. రెండు, మూడు దినాల సంది పడవ అంటె తెల్వనట్టు ఉండుడు అలవాటైపోయింది నాకు. లాప్‌టాప్ తెరిచే ఉన్నది, వాడు వింటున్నడేమో అని గూడ ఒక అనుమానం. ఏమన్నో తెలుసా?

"ఏ పడవ?" అన్న.

ఆమె కొంచెం సేపు నా మొఖం చూసింది. "ఏం లే," అన్నది. పోవుకుంట మళ్ల ఆగింది. "మీకు ట్రాక్టర్లంటె గంత ఇష్టమా?"

"మస్తు ఇష్టం," అన్న.

ఆ రోజు నుంచి ఆమె మాట్లాడుడు ఇంక తగ్గింది. ఉన్నదే తక్కువ, అండ్ల తగ్గితే ఏం మిగుల్తది. అన్నం పెడుతున్నది, డబ్బ కడుతున్నది, బస్సుకు పోతున్నది. లైబ్రరీల పని ఎక్కువైందేమో అనుకున్న. తప్పులు పట్టే నౌకరి నాది, చెప్పిన గద.

సోమవారం ఆఫీసుల ఇమ్రాన్ అడిగిండు, "కొన్నవా?" అని. మొత్తం చెప్పిన. తువ్వాల, మెయిళ్లు, పిలుసుడు, అన్ని. ఆడు చాయ్ కప్పు కింద పెట్టిండు.

"అరే యార్, అది ఎద్దులమ్మేటోడు కాదు, సర్వర్. కార్ట్ నింపి వదిలేసినోళ్లందరికి ఆ మెయిల్ దానంతటదే పోతది. దానికి నువ్వెవరో తెల్వదు, మీ బాపు ఎవరో అసలుకే తెల్వదు. ధర అందరికి ఒక్కటే."

"మా బాపు చెప్పినట్టు మూడు సార్లు పిలిచిండు గద."

"ఇయ్యాల్నే కొను భాయ్. నీకు దండం పెడత."

కొంటె అయిపోవు. కని బాపుకు ఏం చెప్పాలె? ఆయన ఊర్ల అప్పటికే ఇద్దరు ముగ్గురికి చెప్పిండు, మా పిలగాడు కంప్యూటర్ల బేరం చేస్తున్నడు, నాలుగు దినాల సంది పట్టు వదుల్తలేడు అని. నేను బేరం చేస్తుంటె బాపు గర్వపడుడు నాకు గూడ కొత్తనే. నౌకరి వచ్చినప్పుడు గూడ గంత మురవలే. బుధవారం దాక ఆగుదాం, పోయేదేమున్నది అనుకున్న.

బుధవారం నాలుగింటికే ఆఫీసుల నుంచి బయటవడ్డ. ఆరింటి లోపల ఇంటికి చేరి, నా చేతులతోనే బేరం తెంపాలె అని. అప్పా జంక్షన్ కాడ బస్సెక్కిన. మొయినాబాద్ రాకముందే బస్సు ఆగిపోయింది. ముందల ఒక రిసార్ట్‌ల పెద్ద పెళ్లట, కార్లు రోడ్డు మీద అడ్డం దిడ్డం ఆపిన్రు. ఐదు దాటింది. ఐదుంబావు అయింది. ఫోన్ల సైట్ తెరిస్తే చక్రం తిరుగుతనే ఉన్నది. ఎట్లనో ఒకసారి పడవ బొమ్మ కనపడ్డది. ధర అదే, నలభై శాతమే. ఒక్క రూపాయి గూడ దిగలే. పడవను కార్ట్‌ల ఏసిన, ఆ తర్వాత మళ్ల చక్రం.

ఇంట్ల లాప్‌టాప్ ఉన్నది. మంజుల ఇంక రాలే. అవ్వకు కంప్యూటర్ అంటె భయం. బాపుకు ఫోన్ చేసిన.

"బాపు, నా లాప్‌టాప్ తెరువు. బాపు, మంచిగ విను. పది బొమ్మలుంటయి వరుసగ. ఒక్కొక్కదాని పక్కన చిన్న ఇంటూ గుర్తుంటది. పడవ తప్ప అన్నిటికి ఇంటూ నొక్కు. పడవ ఒక్కటే ఉండాలె. అయినంక కింద పచ్చ బటన్ నొక్కు."

బాపుకు ఇంగ్లిష్ రాదు, అంకెలు మాత్రం ఎంత దూరం నుంచైనా చదువుతడు. "ధర ఎంతకు దిగింది?" అన్నడు.

"దిగలే బాపు."

"దిగలేదా?"

"దిగలే. ఇప్పుడు టైము లేదు బాపు, కానియ్యి."

"సరే, ఫికర్ చెయ్యకు. నేను చూసుకుంట." ఆ మాట విన్నప్పుడే నాకు అర్థం గావాలె. అంగడిల ఆయన ఆ మాట అన్నడంటె బేరం ఆయన చేతిలకు తీస్కున్నట్టు.

ఐదు నిమిషాలకు నా ఫోన్‌కు ఓటీపీ వచ్చింది. నేను టెస్టర్‌ను గద, మెసేజ్ మొత్తం చదివిన. ఎంత పోతున్నదో చూసిన. ఇంచుమించు పడవ ధరనే ఉన్నది. చెక్ చేసుకుని, తసల్లి అయి, అంకెలు ఒక్కొక్కటి నిమ్మళంగ బాపుకు చెప్పిన. "అయిపోయింది," అన్నడు బాపు. ఫోన్ పెట్టేసి పక్కసీటు ముసలాయనకు బఠానీలు కొనిచ్చిన, గంత సంబురమైంది.

తర్వాత మెయిల్ వచ్చింది. కొన్నందుకు మెహర్బానీ అని, కింద లిస్టు. ట్రాక్టర్. బస్సు. దయ్యం. ఇండ్లు కడుగుడు. గూడ్సు బండి. పుట్టగొడుగులు. చంద్రుడు. పిల్లి. చేప. కింద మీద రెండు సార్లు చూసిన. పడవ లేదు.

బాపుకు ఫోన్ చేసిన. రింగయితున్నది. లేపుతలేడు. ఆరింటికి ఇంక పది నిమిషాలే ఉన్నయి. మళ్ల చేసిన. లేపుతలేడు. మంజులకు చేద్దామంటె ఏ మొఖం పెట్టుకుని చెయ్యాలె? ఏ పడవ అని అన్నోన్ని నేనే. అట్లనే ఆగి ఆగి, ఆఖరికి చేసిన.

"మంజులా, ఇంట్లకు వచ్చినవా? లాప్‌టాప్ తెరువు, జల్ది."

"ఇప్పుడే బస్సు దిగిన. ఏమైంది?"

టైము చూసిన, ఆరయ్యింది. "ఏం లే," అన్న. ఈసారి నేనన్న ఆ మాట.

చేవెళ్లల దిగి ఇంటి దాక ఉరికిన. ముందల అర్రల అందరున్నరు. బాపు కుర్చీల నడుమ, లాప్‌టాప్ టేబుల్ మీద. మంజుల భుజం మీది బ్యాగు గూడ తియ్యకుండ నిలబడి వింటున్నది. బాపు నన్ను చూడంగనే చెయ్యి లేపిండు.

"రారా. గా పడవోడు ఒక్కదానికి ఎంత చెప్తున్నడో ఆ పైసలకే ఈ తొమ్మిది వస్తున్నయి. లెక్క చూసినవా ఎన్నడన్న? పడవకు ఇంటూ నొక్కి, మంద మొత్తం తోల్కొచ్చిన."

"బాపు, నాకు కావాల్సిందే పడవ."

"ఎర్క. కని దిగలే గద. దిగనోన్ని వదిలిపెట్టుడే పద్ధతి."

ఆ ముచ్చట పక్కింటోళ్లకు చెప్పొద్దామనే ఫోన్ కుర్చీల పెట్టి గేటు కాడికి పోయిండట. నేను గోడకు ఆనుకుని కింద కూలబడ్డ. అప్పుడు మంజుల అడిగింది, నన్ను గాదు, మా బాపును.

"మామయ్యా, ఈయనకు పడవ గేమ్ కావాల్నా?"

"కావాల్నా ఏంది బిడ్డా, వాని మనసంత దాని మీదనే. నీకియ్యాలె అని. గందుకే వారం దినాల సంది దాని దిక్కు చూడలే. నేనే చూడొద్దన్న."

"ఈయన తనకు నచ్చినయాటి దిక్కు చూడడా?"

బాపు ఛాతి ఉబ్బింది. "చిన్నప్పటి సంది అంతే. జాతరల ఊదే పీక కావాలంటె గాలి బుగ్గల దిక్కు చూసేటోడు. నా పెంపకం గది."

మంజుల మెల్లగ బ్యాగు తీసి కింద పెట్టింది. నా దిక్కు తిరిగింది. "పెళ్లిచూపులప్పుడు మీరు మా ఇంట్ల ఏం చూసిన్రు?"

"గోడ గడియారం."

"ఎంత సేపు?"

"గడియారమే చూసిన గద, బరాబర్ తెలుసు. ముప్పై ఐదు నిమిషాలు."

ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయి. "ఆ రోజు మీరు పోయినంక మా అమ్మతోని అన్న, పిలగానికి నేను నచ్చలేదమ్మా అని. వాళ్ల బాపు ఒప్పిస్తే ఒప్పుకున్నడు అని. ఏడాది సంది గదే అనుకుంటున్న. మొన్న పడవ అంటె ఏ పడవ అన్నరు. నాతోని ఆడుడు గూడ మీకు ఇష్టం లేదనుకున్న."

ఇగ నాకు నోరు రాక తప్పలే. బాపు ముందల, అవ్వ ముందల, నేల మీద కూసుండే చెప్పిన. "నువ్వు చాయ్ పట్టుకుని దర్వాజ దాటి వచ్చినప్పుడే నచ్చినవ్. మస్తు నచ్చినవ్. గందుకే గడియారం చూసిన. అది బేరం గాదు మంజులా, నా ఖర్మ. నాకేదన్న బాగ నచ్చితే కండ్లు వాటంతటవే పక్కకు పోతయి."

వంటింట్లకెల్లి అవ్వ గంటె పట్టుకుని వచ్చింది. "ఈ తండ్రికొడుకుల బేరం మన్నుల వడ. పిల్లను ఏడాది సంది ఏడిపించిన్రు గదరా."

బాపు తల వంచుకున్నడు. మెల్లగ లేచి తువ్వాల భుజం మీద ఏసుకున్నడు. "బర్రెకు గడ్డేసొస్త," అని బయటికి పోయిండు. మాకు బర్రె లేక మూడేండ్లయితున్నది.

మర్నాడు గురువారం, మా పెళ్లిరోజు. ఇద్దరం సెలవు పెట్టినం. పొద్దుగాలనే మంజుల లాప్‌టాప్ ముందల కూసున్నది. పడవ ధర మళ్ల మొత్తానికి మొత్తం ఎక్కి కూసున్నది. నేను ఊకుంటనా, "దసరాకు మళ్ల సేల్ పడతది," అని గొణిగిన.

"మీకు నచ్చిందా, లేదా?"

"నచ్చింది."

"దాని దిక్కు చూసి చెప్పుండ్రి."

చూసిన. నచ్చింది అన్న. ఆమె బటన్ నొక్కింది, ఆమె కార్డు, ఆమె ఫోన్‌కే ఓటీపీ. అర నిమిషంల పని అయిపోయింది. గా అర నిమిషం పని నాకు వారం పట్టింది. కిటికీల నుంచి చూస్తున్న బాపు మాత్రం తట్టుకోలేకపోయిండు. "చెప్పిన ధరకే ఇచ్చినవా బిడ్డా?" అన్నడు. "అవును మామయ్యా," అన్నది మంజుల. ఆయన ఇంక బాధలనే ఉన్నడు.

ఆ తొమ్మిది వాపస్ ఇయ్యొచ్చని ఇమ్రాన్ చెప్పిండు. బాపు ఒప్పుకుంటలేడు. తెచ్చిన గొడ్డును మళ్ల అంగడికి తోల్కపోతే ఇజ్జతేమున్నది అంటడు. పోనీ ట్రాక్టర్ గేమన్న ఆడు బాపు అంటె, నలభై ఏండ్లు దున్నింది సాలదా అని లేచిపోయిండు. అవ్వ మాత్రం ఆ ఇండ్లు కడిగే గేమ్ నాతోని రోజు ఆడిస్త అంటున్నది. ఆటల కడిగినంక నిజం ఇల్లు గూడ కడగాల్నట.

అయితే పడవ సంగతేందంటరా? ఆడుతున్నం. రోజు మాపటీలి, ఆమె బస్సు దిగి వచ్చినంక. ఆమెది కుడి తెడ్డు, నాది ఎడమ తెడ్డు. గురువారం మొదటిసారి కూసున్నం. ముందల పెద్ద రాయి వస్తున్నది. ఆమె నవ్వుకుంట, "ఎడమకు వెయ్యుండ్రి, ఎడమకు," అంటున్నది. ఇగ దాచిపెట్టేదేమున్నది, బేరం అయిపోయింది, అడ్డం చెప్పేటోడు లేడు. ముప్పై ఐదు నిమిషాలు గడియారం చూసిన మొఖం గిది. సక్కగ ఆమె దిక్కే చూసుకుంట కూసున్న.

"నా దిక్కు గాదు, రాయి దిక్కు చూడు యాదగిరి," అని అరిచింది. ఏడాదిల మొదటిసారి నన్ను పేరు పెట్టి పిలిచింది.

ఇగ రాయి దిక్కు ఏం చూస్త? పడవ మునిగింది. ఇమ్రాన్ పొద్దుగాల అడిగిండు, ఏ లెవెల్ కాడ ఉన్నవ్ భాయ్ అని. మొదటి రాయి కాడనే ఉన్నం అని చెప్పిన.